గాలానికి వాడే 4000 రీల్‌లో బ్రెయిడ్ (అల్లిక దారం) జారిపోతోంది, విసిరితే ఉండ పడుతోంది. దారం ఎక్కించడంలో తప్పెక్కడ?

లంకగట్టు:

అందరికీ నమస్కారమండి. నాది 4000 సైజు స్పిన్నింగ్ రీల్, 8 అడుగుల మీడియం హెవీ రాడ్. స్పూల్ (దారం చుట్టుకునే డ్రమ్ము) అంచు మీద 0.30–180 అని అచ్చు ఉంది, అంటే 0.30 మి.మీ. దారం 180 మీటర్లు పడుతుందని. ఇంతకుముందు 0.35 మోనో (ఒంటిపోగు నైలాన్ దారం) ఉండేది. అది స్ప్రింగులా చుట్టలు తిరిగిపోతోందని తీసేసి, 150 మీటర్ల పీఈ 2 (పీఈ అంటే బ్రెయిడ్ మందం నెంబరు) బ్రెయిడ్ ఎక్కించాను. డబ్బా మీద 30 పౌండ్లు అని ఉంది. బ్రెయిడ్ కొస స్పూల్‌కి నేరుగా కట్టి, బాబిన్‌ని పెన్సిల్‌కి గుచ్చి, హ్యాండిల్ తిప్పుతూ చుట్టేశాను. అంచుకి ఇంకా 5 మి.మీ. పైనే ఖాళీ ఉంది.

డ్రాగ్ (చేప గట్టిగా లాగితే స్పూల్‌ని జారనిచ్చే బ్రేకు) పూర్తిగా బిగించినా చేత్తో లాగితే లైన్ వచ్చేస్తోంది. వచ్చేటప్పుడు టిక్కుటిక్కుమనే శబ్దం కూడా లేదు. మోనో ఉన్నప్పటి కంటే ఎర దగ్గరలోనే పడుతోంది. పది పదిహేనుసార్లు విసిరాక ఒక్కసారిగా నాలుగైదు చుట్టలు కలిసి వచ్చి మొదటి గైడ్ (రాడ్ మీది రింగు) దగ్గర ఉండ పడుతోంది. ఒకసారి ఎర గాల్లోనే తెగి పోయింది.

చెరువుల్లో కొర్రమీనుకి కప్ప బొమ్మ ఎర, ఏటి మొగలో పండుగప్పకి మినో (చిన్న చేప బొమ్మ ఎర), రెండింటికీ ఇదే రీల్ వాడాలని. రీల్ పాడైందా, లైన్ మంచిది కాదా, చుట్టడంలో తేడానా? అడుగున మోనో వేయాలంటారు, ఎంత వేయాలో లెక్క ఉంటే చెప్పండి.


రేవుకాడ:

లంకగట్టు గారూ, రీల్‌కేమీ కాలేదు. లైన్ కూడా బాగానే ఉంది. తేడా స్పూల్ అడుగున ఉంది.

శబ్దం రావడం లేదన్నారు చూడండి, జబ్బు అక్కడే తెలిసిపోయింది. డ్రాగ్ జారితే స్పూల్ తిరుగుతుంది, తిరిగితే క్లిక్కులు వినబడాలి. శబ్దం లేకుండా లైన్ వస్తోందంటే స్పూల్ కదలకుండా ఉంది, దాని మీద బ్రెయిడ్ చుట్టంతా చేతికి వదులు గాజు తిరిగినట్టు తిరుగుతోంది. బ్రెయిడ్ అంటే పాలిథిలిన్ పోగుల అల్లిక. ఆ పోగు సహజంగానే జారుడు, సాగదు. నున్నటి అల్యూమినియం మీద దానికి పట్టు దొరకదు, అడుగున వేసిన ముడి కూడా చుట్టతో పాటే తిరుగుతుంది. డ్రాగ్ నాబ్ ఎంత తిప్పినా లాభం లేదు. రూఢి చేసుకోవాలంటే స్పూల్ మీద చుట్టి ఉన్న బ్రెయిడ్‌కి అడ్డంగా, స్పూల్ అంచు మీదకి కూడా వచ్చేలా మార్కర్‌తో ఒక గీత గీసి లాగండి. అంచు మీది గీత అక్కడే ఉండి, బ్రెయిడ్ మీది గీత పక్కకి పోతే జారుతున్నట్టే.

అడుగున మోనో పడితే ఇది పోతుంది. నైలాన్ సాగుతుంది కాబట్టి లాగి చుడితే స్పూల్‌ని బిగించి పట్టుకుంటుంది. ఇన్సులేషన్ టేప్ ఒక చుట్టు వేసి దాని మీద బ్రెయిడ్ కట్టే పద్ధతీ ఉంది, కానీ మన ఎండలకి టేప్ జిగురు కరిగి అడుగు చుట్టల్లోకి ఎక్కుతుంది. పైగా మీకు ఖాళీ కూడా పూడాలి, టేప్‌తో ఆ పని అవదు. మోనోనే వేయండి.

లెక్క ఇదీ. స్పూల్‌లో పట్టే పొడవు, దారం మందానికి వర్గంలో తగ్గుతుంది. మీ స్పూల్ మీద 0.30–180 ఉంది కదా. 0.30ని 0.30తో గుణిస్తే 0.09, దాన్ని 180తో గుణిస్తే 16.2. ఇది మీ స్పూల్‌లో మొత్తం చోటు. పీఈ 2 మందం సుమారు 0.235 మి.మీ. దాని వర్గం 0.055, 150 మీటర్లకి 8.3. అంటే స్పూల్‌లో సగమే నిండింది. ఎర దగ్గర పడటానికి కారణం అదే: లైన్ లోతు నుంచి పైకెక్కి అంచుని ఒరుసుకుంటూ పోవాలి. మిగిలిన చోటు 7.9. 0.30 మోనో వేస్తే 7.9ని 0.09తో భాగించండి, 88 మీటర్లు. మీ పాత 0.35 వేస్తే 0.1225తో భాగించాలి, 64 మీటర్లు.

పాతది పారేయలేదనుకుంటాను. అడుగుకి అదే చాలు. అడుగు మోనో బయటికి రాదు కాబట్టి చుట్టలు తిరిగినా పరవాలేదు. వేలికి చుట్టి లాగితే పుటుక్కున తెగేలా పెళుసెక్కిన ముక్క మాత్రం వద్దు. ఎండ తగలని లోపలి సగం తీసుకోండి. లెక్కకి 64 వచ్చినా 60 వేయండి, బ్రెయిడ్ ఎంత లాగి చుట్టినా కాస్త గాలి ఉంటుంది. కొలవడానికి బారలు వేసుకోవచ్చు, బార 6 అడుగులనుకుంటే 60 మీటర్లకి 33 బారలు, అందులో కొంచెం తక్కువే.

మోనో స్పూల్‌కి కట్టేటప్పుడు: బెయిల్ (స్పూల్ చుట్టూ తిరుగుతూ లైన్‌ని చుట్టే తీగ) తెరిచి ఉంచి కొసని స్పూల్ చుట్టూ ఒకసారి తిప్పండి. ఆ కొసతో పొడుగు లైన్‌ని చుట్టి మామూలు ముడి వేయండి. అదే కొస చివర, ఒక సెంటీమీటరు వదిలి, ఇంకో మామూలు ముడి. పొడుగు లైన్ లాగితే మొదటి ముడి స్పూల్‌కి జారి బిగుస్తుంది, రెండోది వచ్చి దాన్ని తన్ని ఆగుతుంది. ముడి తడిపి లాగండి, పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ దెబ్బతింటుంది. బెయిల్ మూయకముందే కట్టాలనేది మరవొద్దు. బెయిల్ మూసి ఉండగా కడితే హ్యాండిల్ తిప్పినప్పుడు లైన్ ఎక్కదు, మళ్లీ విప్పాలి.

మోనోకి బ్రెయిడ్ కలపడానికి డబుల్ యూని ముడి సరిపోతుంది. మోనో వైపు 4 చుట్లు, బ్రెయిడ్ వైపు 8. బ్రెయిడ్ వైపు తక్కువ వేస్తే జారుతుంది. రెండు ముడులూ విడివిడిగా తడిపి బిగించి, తర్వాత ఎదురెదురుగా లాగి కలపండి. కొసలు 2 మి.మీ. ఉంచి కత్తిరించండి. మీరు విసిరేది యాభై అరవై మీటర్లు, ఈ ముడి 150 మీటర్ల అవతల ఉంటుంది, గైడ్లలోకి రాదు.

ఇక ఉండ సంగతి. చుట్టేటప్పుడు లైన్ మీద బరువు లేదు, అదే కారణం. వదులుగా పడ్డ చుట్టల మీద, చేప లాగినప్పుడో చెట్టుకి తగిలినప్పుడో బిగుతు చుట్టలు పడతాయి. అవి కింది వదులు చుట్టల మధ్యకి దిగిపోతాయి. తర్వాత విసిరితే దిగిన చుట్ట ఇరుక్కుని లైన్ ఠక్కున ఆగుతుంది, ఎర ఊపుకి తెగి ఎగిరిపోతుంది. లేదా కింది చుట్టలని కలుపుకుని పైకి వస్తుంది. మీకు రెండూ జరిగాయి.

కాబట్టి మొత్తం విప్పి, తడిబట్ట మడిచి, రీల్‌కి పైనున్న మొదటి గైడ్ ముందర లైన్‌ని ఆ మడతలో నొక్కి పట్టుకుని చుట్టండి. అర కిలో నుంచి కిలో బరువు లాగుతున్నంత బిగువు ఉండాలి. చుట్టాక బొటనవేలితో నొక్కితే స్పూల్ చెక్కముక్కలా గట్టిగా తగలాలి, మెత్తగా దిగకూడదు. ఒట్టి వేళ్లతో మాత్రం పట్టొద్దు, బ్రెయిడ్ చర్మాన్ని కోస్తుంది. మోనోకి ఇంత బిగువు వద్దు. అది సాగి, తర్వాత ముడుచుకుంటూ స్పూల్‌ని నొక్కుతుంది. ప్లాస్టిక్ స్పూళ్లు పగిలేది అందుకే.


మానేరుగాలం:

రేవుకాడ అన్న లెక్క కరెక్టే. ఒక్కటి కలుపుత. లెక్క బాగుండాలంటే మందం నిజమైంది తెల్వాలె. అగ్గువ లైన్ల మీద అచ్చేసిన నెంబరు, లోపలున్న లైన్ మందం ఒక్కటే ఉండదు. పెన్సిల్‌కి 20 చుట్లు, ఒకదాని పక్కన ఒకటి ఆనుకునేటట్టు చుట్టి స్కేలు పెట్టి చూడు తమ్మీ. 0.35 అయితే 7 మి.మీ. రావాలె. 8 వచ్చిందంటే అది 0.40. అప్పుడు నీ స్పూల్ మీద 180 మీటర్లని రాసి ఉన్నా 101 మీటర్లే పడతది. బ్రెయిడ్‌కి ఈ కొలత పనికిరాదు, చుట్టంగనే చదునైతది.

లెక్కలన్నీ వద్దనుకుంటే ఇంకో తోవ ఉంది. ముందు ఖాళీ స్పూల్‌కి బ్రెయిడ్ చుట్టు. దాని మీద మోనో కట్టి, అంచుకి 2 మి.మీ. తక్కువ వచ్చేదాక నింపి కోసెయ్. ఇప్పుడు మొత్తం తీసి ఒక ఖాళీ బాబిన్‌కి ఎక్కించి, మళ్ల రీల్‌కి చుట్టు. మోనో అడుక్కి పోతది, బ్రెయిడ్ పైకొస్తది, కొలత ఇంచు కూడా తప్పదు.


పాతస్పూల్:

మానేరుగాలం గారూ, పద్ధతి మంచిదే, కానీ ఒక్క బాబిన్‌తో కాదు. చేతిలో పట్టుకుని చూడండి. రీల్ మీద పైన ఉన్నది మోనో కొస. బాబిన్‌కి ఎక్కిస్తే మోనో బాబిన్ అడుక్కి పోతుంది, పైకి బ్రెయిడ్ వస్తుంది. అక్కడి నుంచి రీల్‌కి చుడితే బ్రెయిడే ముందు ఎక్కుతుంది, మళ్లీ మొదటికొస్తాం. రెండు బాబిన్లు కావాలి: రీల్ నుంచి మొదటిదానికి, దాన్నుంచి రెండోదానికి, అక్కడి నుంచి రీల్‌కి. అదే సైజు స్పూల్ ఇంకొకటి ఉంటే ఒక్కసారి మార్చితే చాలు. దాని అడుగున మోనో పడుతుంది, దాన్నే రీల్‌కి బిగించేయొచ్చు.

పురి గురించి ఎవరూ రాయలేదు, అది రాస్తాను. 0.35 మోనో స్ప్రింగులా తిరిగింది అన్నారు. అది రెండు రకాలు, మందు వేరు. ఒక మీటరు ముక్క రెండు చేతులతో పట్టుకుని చేతులు దగ్గరికి తెండి. లైన్ గుండ్రటి రింగులుగా తెరుచుకుని నిలిస్తే, అది స్పూల్ ఆకారం పట్టేసింది. మందపాటి నైలాన్, చిన్న స్పూల్, చాలాకాలం కదలకుండా ఉండటం దీనికి కారణం. లైన్ కొస చెట్టుకి కట్టి, ముప్పై నలభై మీటర్లు వదిలి, మెల్లగా సాగలాగి అర నిమిషం పట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. అలా కాకుండా, చేతులు దగ్గరికి తేగానే లైన్ తనను తానే చుట్టుకుని రెండు పేటల తాడులా మెలిక పడితే అది పురి. దాన్ని సాగలాగితే పోదు. కొసకి గాలం, ఎర, స్వివెల్ ఏమీ లేకుండా, పారే కాలవలో యాభై అరవై మీటర్లు వదిలేసి ఐదు పది నిమిషాలు ఉంచి, బట్టతో నొక్కి పట్టి చుట్టుకోవాలి. నీటి లాగుడుకి పురి కొసన విడిపోతుంది.

పురి ఎక్కడి నుంచి వస్తుందంటే, స్పిన్నింగ్ రీల్‌లో స్పూల్ తిరగదు, బెయిల్ దాని చుట్టూ తిరిగి చుడుతుంది. చుట్టుకొక పురి. బాబిన్ నేల మీద బల్లపరుపుగా పెడితే దాని అంచు మీద నుంచి వచ్చే లైన్ కూడా చుట్టుకొక పురి తెస్తుంది. ఈ రెండూ ఎదురెదురైతే కొట్టేసుకుంటాయి, ఒకే వైపయితే రెట్టింపు. లేబుల్ పైకి పెట్టాలని అంటారు, చాలాసార్లు నిజమే, కానీ బాబిన్ మీద ఏ వైపుకి చుట్టారనేదాన్ని బట్టి తేడా వస్తుంది. గుడ్డిగా నమ్మకుండా 15 తిప్పులు తిప్పి ఆపండి. రాడ్ బాబిన్ వైపు వంచి లైన్ వదులు చేయండి. మధ్యలో వేలాడే లైన్ మెలిక పడకపోతే కానివ్వండి. పడితే బాబిన్ తిరగేయండి. మోనోకి, ఫ్లోరోకార్బన్‌కి (ఫ్లోరో, మోనో లాంటిదే ఇంకో బిరుసు దారం) ఇది తప్పనిసరి. బ్రెయిడ్ మెత్తన కాబట్టి పెన్సిల్‌కి గుచ్చి చుట్టినా అంతగా బయటపడదు. బిగువు సరిగ్గా ఉంటే దాని దగ్గర ఆ పద్ధతికి నేను అడ్డు చెప్పను.

ఇంకో చోటు నుంచి కూడా పురి ఎక్కుతుంది, చాలామంది గమనించరు. చేప లాగుతూ డ్రాగ్ జారుతున్నప్పుడు హ్యాండిల్ తిప్పుతూ ఉంటారు. లైన్ ఒక్క అంగుళం లోపలికి రాదు, బెయిల్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. గేరు 5.2:1 అయితే హ్యాండిల్ ఒక్క తిప్పుకి లైన్‌లో ఐదు పురులు. అలా ఇరవై తిప్పులంటే వంద. డ్రాగ్ పాడుతున్నంతసేపు హ్యాండిల్ ముట్టుకోవద్దు. రాడ్ ఎత్తండి, దించుతూ చుట్టండి.

నింపే మట్టం: మోనో, బ్రెయిడ్ అయితే అంచుకి 1.5 నుంచి 2 మి.మీ. కింద. ఫ్లోరో బిరుసు, పైకి ఉబికి వస్తుంది, దానికి 3 మి.మీ. వదలండి. మట్టం మించితే చుట్టలు గుంపుగా దూకుతాయి.


రేవుకాడ:

పాతస్పూల్ గారు చెప్పినదానికి తోడు, బెయిల్ సంగతి కూడా. ఎర నీళ్లలో పడగానే హ్యాండిల్ తిప్పి బెయిల్ మూస్తే మొదటి చుట్టు వదులుగా పడి, రోలర్ (బెయిల్ చివర లైన్ జారే చిన్న చక్రం) దగ్గర చిన్న ఉచ్చు మిగులుతుంది. తర్వాత విసిరినప్పుడు ఉండకి మూలం ఆ ఉచ్చే. బెయిల్ చేత్తో మూయండి, రీల్‌కి పై లైన్ రెండు వేళ్లతో ఒకసారి లాగి బిగువు చూడండి, అప్పుడు హ్యాండిల్ తిప్పండి. మోనోతో ఈ అలవాటు లేకపోయినా గడిచిపోతుంది, బ్రెయిడ్‌తో గడవదు. తేలిక ఎర గాలికి ఎదురుగా విసిరినప్పుడు మరీ.

లైన్ ఎంపిక సంగతి. పండుగప్పకి పీఈ 2 చాలు, కానీ బ్రెయిడ్ నేరుగా ఎరకి కట్టొద్దు. పండుగప్ప నోరు గరుకు కాగితంలా ఉంటుంది, మొప్ప కప్పు అంచు కత్తిలా కోస్తుంది. మొగలో రాళ్లు, పడవల లంగరు తాళ్లు, గుల్లలు పట్టిన కర్రలు ఉండనే ఉన్నాయి. బిగిసిన బ్రెయిడ్ వాటికి తగిలితే దారం ముక్కలా తెగుతుంది. 40 పౌండ్ల మోనో లేదా ఫ్లోరో లీడర్ (బ్రెయిడ్‌కీ ఎరకీ మధ్య కట్టే ముక్క) మీటరు నుంచి మీటరున్నర వేయండి. ఎఫ్‌జీ ముడి (బ్రెయిడ్‌ని లీడర్ చుట్టూ అల్లే సన్నటి ముడి) వేయడం వస్తే అది గైడ్లలోంచి సాఫీగా పోతుంది. రాకపోతే డబుల్ యూనితోనే కానివ్వండి, కాకపోతే విసిరేటప్పుడు ముడి కొస గైడ్‌కి బయటే ఉండేలా లీడర్ పొట్టిగా, 50–60 సెంటీమీటర్లు ఉంచండి.

డ్రాగ్ స్ప్రింగ్ కాటాతో పెట్టండి. 30 పౌండ్లంటే 13.6 కిలోలు. ముడి దగ్గర ఆ బలం తగ్గుతుంది, అందుకని పావు భాగం లోపు, 2.5 నుంచి 3 కిలోలు. లైన్ గైడ్లలోంచి పోనిచ్చి, రాడ్ వంచి పట్టుకుని కొలవండి. రీల్ దగ్గర కొలిస్తే గైడ్ల రాపిడి లెక్కలోకి రాదు, అసలు బిగువు ఎక్కువుంటుంది.


మానేరుగాలం:

ఔ, రెండు బాబిన్లు కావాలె, పాతస్పూల్ అన్న చెప్పింది నిజం.

కొర్రమీనుకైతే పీఈ 2 మీద నాకు నమ్మకం లేదు. ఖాళీ నీళ్లల్ల నడుస్తది. కానీ కొర్రమీను ఖాళీ నీళ్లల్ల ఎక్కడుంటది? తూటికాడల కింద, గుర్రపుడెక్క సందుల, తామరాకుల కింద ఉంటది. కప్ప మింగంగనే మొదలు కాడలల్లకే దూరుతది, చేపతో పాటు రెండు మూడు కిలోల ఆకు కూడా గుంజాల్సి వస్తది. అక్కడ పీఈ 3, లేకుంటే 4. డ్రాగ్ బిగువుగ పెట్టాలె, జారనియ్యొద్దు, అందుకే అడుగు మోనో ఇంకా ముఖ్యం. లీడర్ అక్కర లేదు, బ్రెయిడ్‌కే పాలోమార్ ముడేసి కప్ప కట్టు. లీడర్ ముడి ఉంటే దానికి నాచు పట్టి కప్ప సక్కగ నడవదు.

నీ స్పూల్‌కి పీఈ 3 లెక్క: మందం 0.285, 150 మీటర్లకి 12.2. మిగిలింది 4. అంటే 0.35 మోనో 32 మీటర్లు. రెండు రకాల పని ఒకే రీల్‌తోటి అన్నవు కాబట్టి ఇంకో స్పూల్ కొనుక్కో, దాంట్ల పీఈ 3 పెట్టు. రీల్ కొనేకన్నా అగ్గువ.


ఉప్పుగాలి:

బెయిట్‌కాస్టర్‌కి కూడా ఇదే పద్ధతేనా? బ్రెయిడ్ కోసం అడుగుతున్నాను.


పాతస్పూల్:

బిగువు, అడుగు మోనో, రెండూ అంతే. బాబిన్ పెట్టడంలో తేడా. బెయిట్‌కాస్టర్‌లో స్పూలే తిరుగుతుంది కాబట్టి బాబిన్‌ని పెన్సిల్‌కి గుచ్చి, అది కూడా తిరుగుతూ లైన్ ఇచ్చేలా పెట్టాలి. నేల మీద పెట్టి లాగితే లేని పురి ఎక్కుతుంది. లైన్‌ని ముందు లెవెల్‌వైండ్ (లైన్‌ని స్పూల్ మీద సమంగా పరిచే భాగం) కంటిలోంచి దూర్చి, ఆ తర్వాతే స్పూల్‌కి కట్టండి. స్పూల్‌లో రంధ్రాలుంటే ఒకదాంట్లోంచి దూర్చి పక్కదాంట్లోంచి తీసి కట్టొచ్చు, అప్పుడు బ్రెయిడ్ జారదు, మోనో తక్కువ వేసినా సరిపోతుంది. అంచు దాకా నింపితే స్పూల్ బరువెక్కి ఆగడం కష్టమవుతుంది, చిక్కు పెద్దది పడుతుంది. 2–3 మి.మీ. కింద ఆపండి.


లంకగట్టు:

అందరికీ ధన్యవాదాలండి. గీత గీసి చూస్తే రేవుకాడ గారు చెప్పినట్టే బ్రెయిడ్ గీత పక్కకి జరిగింది. పాత 0.35 మోనో పెన్సిల్‌కి 20 చుట్లు చుడితే 7 మి.మీ. వచ్చింది. 33 బారలు వేసి, డబుల్ యూనితో కలిపి, తడిబట్టతో చుట్టాను. అంచుకి 2 మి.మీ. తక్కువగా ఆగింది. ఇప్పుడు లాగితే క్లిక్కులు వినబడుతున్నాయి, స్పూల్ గట్టిగా ఉంది. పీఈ 3కి వేరే స్పూల్ తీసుకుంటాను.

ఉప్పునీటి నుంచి వచ్చాక రీల్, లైన్ ఎలా కడగాలి? బ్రెయిడ్ రంగు పోతే మార్చేయాలా?


రేవుకాడ:

ముందు డ్రాగ్ నాబ్ బిగించండి, లోపలి వాషర్లలోకి నీళ్లు పోకుండా. కుళాయి సన్నగా వదిలి పైనుంచి కడగండి. పైపుతో జోరుగా కొట్టొద్దు, ఉప్పు కణాలు బేరింగుల్లోకి పోతాయి. రీల్‌ని బకెట్టులో ముంచొద్దు. స్పూల్ మీది లైన్‌ని కూడా అదే సన్న ధార కింద బాగా తడిపి కడిగి, ఆ తర్వాత స్పూల్ విడిగా తీసి నీడలో ఆరబెట్టండి. లోపలి చుట్టల్లో ఉప్పు మిగిలితే అడుగున అల్యూమినియం పూత బుడగలెక్కుతుంది. ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టండి, బిగించి ఉంచితే వాషర్లు అణిగిపోతాయి.

బ్రెయిడ్ రంగు పోవడం లెక్కలోది కాదు. వేళ్ల మధ్య జారనిచ్చి చూడండి, నూగు లేచి దూదిలా తగిలిన చోట బలం పోయినట్టు. మామూలుగా ముందు రెండు మూడు మీటర్లే అరుగుతుంది, అంత కోసేసి కొత్త ముడి వేసుకోండి. కోసిన ముక్కలు గట్టు మీద వదలొద్దు, కొంగల కాళ్లకి చుట్టుకుంటే అవి ఎగరలేవు. ఒక ఖాళీ సీసా సంచిలో పెట్టుకుని అందులో వేయండి.

విసిరే యాభై అరవై మీటర్లూ నూగు లేస్తే కొత్తది కొనక్కర్లేదు. లోపలి సగం కొత్తదానిలాగే ఉంటుంది. మోనో ముడి దగ్గర కోసి, బ్రెయిడ్ తిరగేసి, అరిగిన కొసని మోనోకి కట్టండి. ఇక్కడా పాతస్పూల్ గారి లెక్కే, రెండు బాబిన్లు కావాలి. ఒక్కదానితో చేస్తే అరిగిన కొస మళ్లీ పైకే వస్తుంది.